రెండో వైపు పదకొండు నిమిషాలు

క్యాసెట్ రెండో వైపున ఉండాల్సిన తోడి రాగం మాయమైంది.

సింహాచలం వాల్యూము పెంచాడు. మెట్ల కింది గదిలో, మోచేతి దూరంలో, నీళ్ల మోటారు గడగడలాడుతోంది. స్పీకరుకు చెవి ఆనించాడు. సుయ్‌మనే చప్పుడు తప్ప మరేమీ లేదు. గడియారం చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా పదకొండు నిమిషాలయ్యాక విద్వాంసుడి గొంతు రాగం నడుమ ఎక్కడినుంచో ఊడిపడింది.

క్యాసెట్ బయటికి తీసి వెనక అంచు చూశాడు. మళ్లీ ఎవరూ రికార్డు చెయ్యకుండా ఆ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును ఏళ్ల కిందట తనే విరిచేశాడు. ఇప్పుడా గాడి మీద తెల్లటి ప్లాస్టర్ ముక్క ఉంది. గాయానికి వేసే ప్లాస్టర్. అంటే గాడి మూస్తే మళ్లీ రికార్డవుతుందని తెలిసిన చేతే చెరిపింది.

ఆదివారాలు కలిసి పాట వినే జగన్మోహన్‌కు పోయిన వారం బొటనవేలు తెగింది.

మోటారు మీద చెయ్యి వేసి చూశాడు. వేడెక్కింది. ఆరో అంతస్తు ట్యాంకు నిండడానికి ఇంకా పది నిమిషాలు పడుతుంది. బర్మాలోని యాంగోన్‌లో కరెంటు వచ్చే వేళలే అతని వేళలు. ఐదింటికి వస్తే ఐదింటికి, రెండింటికి వస్తే రెండింటికి లేచి స్విచ్చి వెయ్యాలి. ముప్ఫై ఏళ్లుగా అంతే. వాల్వు తిప్పీ తిప్పీ కుడిచేతి రెండు వేళ్లు వంకరపోయాయి. నడుముకు చుట్టిన లోంజీ అంచుకు ఎప్పుడూ గ్రీజు మరక. ఈ బిల్డింగులో వాళ్లకు అతను నీళ్లవాడు. నీళ్లు రానప్పుడే గుర్తొస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం మూడో అంతస్తులో శ్యామలాదేవి ఇంట్లో అతనికి ఒక కుర్చీ ఉంది. అక్కడ అతన్ని ‘ఊ సింహాచలం’ అంటారు, పెద్దవాళ్లను పిలిచినట్టు. నలుగురు కూర్చుని ఒక కచేరీ వింటారు, ఆ తర్వాత దాని గురించి పోట్లాడుకుంటారు. రెండు వందల పద్నాలుగు క్యాసెట్లున్న రేకు పెట్టె అతని మంచం కింద ఉంటుంది. తాళం అతని మెడలో ఉంటుంది. ఒక్కొక్క క్యాసెట్ వారానికొకరి ఇంటికి వెళ్లి తిరిగొస్తుంది.

“నీ గదంతా చెమ్మ. పెట్టె నాకిచ్చెయ్యి, ఏసీ కింద పెడతాను” అని జెరాక్సు షాపు రఘునాథ్ ఏడాదిగా అడుగుతున్నాడు. సింహాచలం ఇవ్వలేదు. ఒక్క క్యాసెట్ పాడైనా ఇచ్చేస్తానని మాత్రం అందరి ముందూ మాటిచ్చాడు.

ఇది మామూలు క్యాసెట్ కాదు. ముప్ఫై ఏళ్ల కిందట విశాఖ నుంచి ఒక విద్వాంసుడు వచ్చి ఇక్కడి సత్రం హాల్లో పాడిన కచేరీ. సింహాచలం, రఘునాథ్, జగన్మోహన్, ఈ ముగ్గురు మగవాళ్లలో ఒక్కరూ ఆ రోజు వెళ్లలేకపోయారు. తర్వాత హాలు కాపలావాడి దగ్గర ఈ టేపు దొరికింది. ఆ విద్వాంసుడి ఇంట్లో కూడా దీనికి మరో కాపీ లేదు. ఈ రోజే రఘునాథ్ దీన్ని ఫోనులోకి ఎక్కించి విశాఖలోని రసికుల గ్రూపుకు పంపబోతున్నాడు. నాలుగు వందల మంది ఎదురు చూస్తున్నారు. పంపే ముందు మరోసారి వినాలని ఈ పది రోజుల్లో ఇది అందరి ఇళ్లూ చుట్టి వచ్చింది.

సింహాచలం ఎవరికీ చెప్పదలచుకోలేదు. వాయిస్తాడు. జగన్మోహన్ ముఖం చూస్తాడు.

*

“మీ లా బీ!” కరెంటొచ్చిందని వీధి పొడుగునా పిల్లల కేక. ఒంటిగంట. ముందు నీళ్లు, తర్వాత సంగీతం. ట్యాంకు నింపి, మోటారు ఆపి, సింహాచలం మూడో అంతస్తు ఎక్కాడు.

శ్యామలాదేవి టీ గ్లాసులు సర్దుతోంది. అరవై దాటిన మనిషి, జాకెట్లు కుట్టి బతుకుతోంది. చర్చలో ఏనాడూ నోరు విప్పదు. జగన్మోహన్ ఇన్‌సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. పాడైన బేరింగును చప్పుడు విని పట్టేవాడట. బొటనవేలికి ప్లాస్టర్ అలాగే ఉంది.

“ఏటి సింహాచలం, మొహం అలాగుంది? ఇంట్లో చీపురు తిరగేసిందా?”

“ఏం లేదు ఊ జగన్. వినండి.”

మొదటి వైపు అయిపోయింది. జగన్మోహన్ చేతులు రుద్దుకున్నాడు. “ఇప్పుడుంది మజా. రఘూ, విశాఖోళ్లకి రాసిపెట్టు. తోడిలో నాలుగో నిమిషం, తంబురా జారిపోద్ది. ఆ తంబురా ఎదవ కునికినాడు! పాపం ఆ మహానుభావుడు నక్కని పక్కనెట్టుకుని పాడినట్టు పాడినాడు.”

రఘునాథ్ పగలబడి నవ్వాడు. ఏటా ఈ టేపు విన్నప్పుడు ఈ మాటకి అందరూ నవ్వుతారు. సింహాచలం ఈ రోజు నవ్వలేదు. క్యాసెట్ తిప్పి మీట నొక్కాడు.

సుయ్‌.

రఘునాథ్ ఫోను మీంచి తలెత్తాడు. పాట నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు, ఎవరూ ఆపకూడదు. అది మొదటి రోజునుంచీ ఉన్న నియమం. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. సింహాచలం కళ్లు జగన్మోహన్ మీదే ఉన్నాయి. ఆ ముఖంలో భయం లేదు. తల కాస్త వాలింది. ఏదో వింటున్నాడు.

నాలుగో నిమిషంలో జగన్మోహన్ ప్లాస్టర్ వేలు మెల్లగా లేచి నేలకేసి చూపించింది.

అప్పుడు సింహాచలానికీ వినపడింది. సుయ్‌మనే చప్పుడు అడుగున, ఎక్కడో లోతున, గడగడ... టక్. గడగడ... టక్. పొద్దున అసలు మోటారు పక్కనే మోగుతుంటే టేపులో ఉన్న మోటారు వినిపించలేదు.

పదకొండు నిమిషాలూ ఎవరూ కదల్లేదు. పాట మళ్లీ మొదలై, మంగళం అయ్యాకే జగన్మోహన్ నోరు తెరిచాడు.

“అది నీ మోటారే. బేరింగు పోయింది, మార్చమని ఆర్నెల్లుగా సెప్తన్నాను.”

“మరి ఈ ప్లాస్టర్?” సింహాచలం క్యాసెట్ ముందుకు తోశాడు. “మీ ఏలుకున్నదే కదా?”

“ఏటన్నావు? నేను సెరిపినానా? నా ఇంటికాడ మోటారుందేటి?”

“గొడవెందుకు? చెరిపింది ఈ బిల్డింగులో” అన్నాడు రఘునాథ్. “టేపు ఉండేదీ ఈ బిల్డింగులోనే. పొరపాటున మీట నొక్కేసి దాచిపెట్టావా కో సింహాచలం? విశాఖోళ్లకి ఏ మొహంతో చెప్పను?”

ఊ పోయి, కుర్రాళ్లను, ఈడువాళ్లను పిలిచే కో వచ్చింది. సింహాచలం మెడలోని తాడు తీసి, తాళంచెవిని టీ గ్లాసు పక్కన పెట్టాడు.

“పెట్టె మంచం కింద ఉంది.”

చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. ఎవరూ ఆపలేదు.

*

మోటారు గదిలో తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. వచ్చే ఆదివారం ఒంటిగంటకు ట్యాంకు నింపాక ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

మెట్ల మీద ఒక్కొక్క అడుగే దిగుతున్న చప్పుడు. మోకాళ్ల నొప్పులతో ఏడాదిగా కిందికి రాని శ్యామలాదేవి గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడింది.

“ఏటక్కా? నీళ్లు రాలేదా?”

“వచ్చినాయి. లేవకు, కూకో.” ఊపిరి కూడదీసుకుంది. “నానే చెరిపినాను, తమ్ముడా. టేపు ఆఖరికి నా కాడికే వచ్చింది కదా, బుధవారం పొద్దున నువ్వు మోటారెయ్యగానే మొదలెట్టినాను. జగన్ ఏలికి కట్టు కట్టింది నానే కదా, మిగిలిన ముక్క అంటించినాను. ఆ కునికిన ఎదవ, ఆ నక్క... అది నాను. ఆయనతో తంబురాకి మనిషి రాలేదు, నన్ను కూకోబెట్టినారు. అట్ట మీద పాడినాయన పేరుంది, వయొలిన్ పేరుంది, మృదంగం పేరుంది. తంబురాకి పేరెయ్యరు. అందుకే మీకు తెలీదు. ఆ రోజు ముసురు. చెమ్మకి తీగ జారింది. చెయ్యెత్తి బిరడా తిప్పితే హాలంతా నన్నే చూస్తాదని భయమేసింది. ఆయన ఒక్క మాటనలేదు. మీరన్నారు. ఏటా, నా ఇంట్లో, నా టీ తాగి అన్నారు. నువ్వూ నవ్వినావు. ముగ్గురే కదాని ఓర్చుకున్నాను. నాలుగొందల మందంటే నా వల్ల కాలేదు. ఆయన తోడి పోయింది. తప్పే, దానికి మాపు లేదు. పైన వాళ్లకి చెప్పేసే వచ్చినాను, తాళం నీదే. ఆ రోజు కచేరీ అయ్యాక తంబురాకి గుడ్డ కూడా కప్పలేదు. మా అమ్మ తంబురా. గోడకి ఆనించి అక్కడే ఒగ్గేసి వచ్చినాను. ఆ తీగ ఇంకా జారే ఉంటాది.”