మాగబెట్టే గదిలో బిళ్ళ

మా తాత కేజీఎఫ్ బంగారు గనిలోకి దిగే ముందు ఇత్తడి బిళ్ళ తీసుకునేవాడు. పైకొచ్చి అది అప్పజెప్తేనే మనిషి వచ్చినట్టు. శ్రీనివాసపురం మండీలో మామిడికాయలు మాగబెట్టే గదికి నేను ప్రోగ్రాం రాసినప్పుడు అదే పద్ధతి పెట్టాను. ఎవరైనా లోపలికెళ్తే వాళ్ళ పేరుతో ఒక బిళ్ళ, అంటే ఒక ఆబ్జెక్ట్, సెషన్‌లో, కంప్యూటర్ గుర్తుంచుకునే చిట్టాలో, చేరుతుంది. బయటికొస్తే పోతుంది. అంతకుముందు కూలీలు లోపల మనిషి ఉన్నట్టు గుర్తుగా గడియకు తుండుగుడ్డ కట్టి లోపలికెళ్ళేవాళ్ళు. "కంప్యూటరొచ్చినాక ఇంగ ఆ పీలికలెందుకు?" అని యజమాని పురుషోత్తమ్ మాన్పించేశాడు.

ఆ మధ్యాహ్నం నన్ను పిలిపించాడు. "పొద్దుననించి ఒక్క బిళ్ళా కనపడలే నేత్రమ్మా. ఏమైండాదో చూడు."

తెర మీద 'లోపల ఎవరూ లేరు' అని ఉంది.

"అది చూసినాకనే తలుపు బిగించి, కాయలు మాగే గ్యాస్ వదిలినాం," అన్నాడు.

"చెడిపోయిందని మీరే అంటారు, దాన్నే నమ్మి తలుపేస్తారా!" ఒళ్ళు మండిపోయింది. ఆ గది బిగిస్తే లోపల గాలాడదు.

కోడ్ తెరిచాను. నాతో పనిచేసే యశ్వంత్, మహానుభావుడు, సెషన్‌ను ముందు మొదలుపెట్టి, బిళ్ళ క్లాస్, అంటే దాని అచ్చు, ఉన్న ఫైలును దాని కింద కలిపాడు. అచ్చు చేతికివ్వకుండా బొమ్మను మళ్ళీ నిలబెట్టమంటే పీహెచ్‌పీ, మేం ప్రోగ్రాం రాసిన భాష, ఏం చేస్తుంది? డొల్లను ఇస్తుంది. వెంటనే అతనికి ఫోన్ చేశాను. "ఎర్రర్ రాలేదా?"

"వస్తా ఉండె అక్కా. పురుషోత్తమన్న కోప్పడినాడని, డొల్ల బిళ్ళొస్తే ఎవురూ లేరని చూపించేటట్టు రాసినా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

క్లాస్ ఫైలును పైకి జరిపి, సెషన్‌ను దాని తర్వాత మొదలుపెట్టి, పేజీని మళ్ళీ తెరిచాను. డొల్ల నిండింది. 'మునిలక్ష్మి, లోపల.'

"అన్నా, మునిలక్ష్మి యాడ?"

పురుషోత్తమ్ తెర మీదికి వంగాడు. "పొద్దున క్రేట్లు పేర్చను పోయిండె... సంగటి తినను ఇంటికి పోయిందనుకుంటిని."

చెప్పుల్లేకుండానే గది దగ్గరికి పరిగెత్తాను. గడియకు ఏమీ లేదు. తలుపు రబ్బరు పట్టీ సందులోంచి మాత్రం ఒక ఆకుపచ్చ పీలిక బయటికి వచ్చి ఉంది. మునిలక్ష్మి చీర కొంగు చించి, లోపలి నుంచే తోసింది.

"అది ఇందాకే చూసినా," గొణిగాడు పురుషోత్తమ్. "పాత తుండు పీలిక అనుకుంటిని."

అతను గడియతో పెనుగులాడుతుంటే నేను "మునిలక్ష్మీ!" అని అరుస్తూ పీలిక పట్టుకుని లాగాను. అవతలి నుంచి ఎవరూ పట్టుకోలేదు. అది ఊడి నా చేతికి వచ్చేసింది.