హాజరు పలికిన మనిషి

శుభవార్త వచ్చేసరికి సారక్క పన్నెండో మంచం కింద ఉంది. మాపు కర్ర అందని మూలలోకి తడిగుడ్డ తోసి, ఎవరో ఊసిన బత్తాయి గింజల్ని ఒక్కొక్కటే ఏరుతోంది. గుమ్మం దగ్గర గాజులు గలగలమన్నాయి.

"సారక్కా! ఏడున్నవ్? మనమే ఫస్టు!"

మనీష సిస్టర్ గొంతు. పెళ్లి సెలవు ముగించుకుని మంథని నుంచి వచ్చి మూడు రోజులైంది. డ్యూటీలో గాజులు వద్దంటుంది హెడ్ సిస్టర్ జానకమ్మ. నెల నిండేదాకా తీయొద్దంటుంది అత్తగారు. ఇద్దరి మాటా పోకుండా ఆ పిల్ల గాజుల్ని మోచేతి దాకా ఎక్కించి ప్లాస్టర్ అంటించుకుంటుంది. సంతోషం వస్తే మాత్రం ప్లాస్టర్ ఆగదు.

సారక్క మంచం కింది నుంచి తల బయటపెట్టింది. "ఏంట్ల ఫస్టు?"

"యూనివర్సిటోళ్ల లెక్కల! పదకొండు దవాఖాన్లు చూసిండ్రట. ఆర్నెల్లల్ల ఒకరి మందు ఇంకొకరికి పోని వార్డు మనదొక్కటేనట. రేపు పదింటికి పెద్ద హాల్ల సర్టిఫికెటు. ఇంకోటి చెప్పనా? నీ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగిస్తరట. పెద్ద సారే ఫోన్ల చెప్పిండు."

"నిజమేనా?"

"నా కొత్త పుస్తెల మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు, పిచ్చిపిల్లా. ఇంకా పసుపు కూడ ఆరలే" అని సారక్క నవ్వింది. నవ్వుతూనే మంచం పట్టీ పట్టుకుని లేచింది. మోకాళ్లు రెండూ టకటకమన్నాయి. యాభై ఆరేళ్లు. బకెట్టు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. ఫినాయిలుకు మడమలు పగిలి తెల్లబడ్డాయి. ఈ నెలాఖరుతో పని పోతుందని పదిహేను రోజుల నుంచి ఆమెకు సరిగ్గా ముద్ద దిగడం లేదు. మంచంలో ఉన్న అత్త పోశవ్వ గోలీలూ, ఇద్దరి బువ్వా ఈ పనిలోంచే రావాలి. ఏడాదంటే చిన్నది కాదు. ఆమె గింజల్ని చెత్తబుట్టలో వేసి, గుమ్మం పక్కనున్న నీలం డబ్బాను కొంగుతో మరోసారి తుడిచింది.

ఆ డబ్బాను బిగించింది యూనివర్సిటీ వాళ్లే. వార్డులో తప్పు జరిగినా, జరగబోయి ఆగినా, ఎవరైనా చీటీ రాసి వేయవచ్చు. పేర్లు రాయక్కర్లేదు, ఎవరినీ దండించరు. ప్రతి గురువారం మూడింటికి వేదశ్రీ అనే పరిశోధన చేసే పిల్ల వచ్చి తాళం తీసేది. ఆరు నెలల్లో దాంట్లో పడ్డ చీటీలన్నీ ఫ్యాన్ల గురించీ, చాయ్ పలుచదనం గురించీ. ఇవాళ గురువారమే.

నిజానికి ఫ్యాను గొడవ కూడా అబద్ధం కాదు. ఎనిమిదో మంచం మీది ఫ్యాను తిరగదు. ఆ మంచం ఎల్లేశానిది. పక్కనే తిరిగే ఫ్యాను కింద ఏడో మంచం రాయమల్లుది. ఇద్దరూ ఒకే బొగ్గుబాయిలో, ఒకే షిఫ్టులో ముప్పై ఏళ్లు దిగి రిటైరైనవాళ్లు. రాయమల్లుకు షుగరు, కాలికి పుండు. ఎల్లేశానికి కడుపునొప్పి. రెండింటికి స్కానింగ్ ఉంది కాబట్టి పొద్దుటి నుంచి అతనికి పచ్చి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"సారక్కా, నీకు ఏడాది పెరిగిందట. దావతేది?" అన్నాడు ఎల్లేశం.

"నీకు నీళ్లే బందు. నీకేం దావతు కాకా?"

"ఆని వంతు నేను తింటలే" అన్నాడు రాయమల్లు. "బాయిల ఆని వంతు హాజరు నేను పలకలేదా?"

బాయి దగ్గర మస్టరులో పేర్లు పిలిచే వేళకు ఎల్లేశం బీడీ కోసం పక్కకు పోతే రాయమల్లు అతని పేరుకు హాజర్ అనేవాడు. రాయమల్లుకు ఆలస్యమైతే ఎల్లేశం అనేవాడు. ఒకనాడు ఇద్దరూ రాకపోతే మూడోవాడు ఇద్దరికీ పలికాడట. ఆ కథ వార్డులో అందరికీ కంఠతా వచ్చు. చేతికి కట్టిన పేరు పట్టీలను కూడా ఇద్దరూ మొదటిరోజే విప్పి మంచం ఊచలకు కట్టేశారు. "నేనేమన్న అంగట్ల మేకనా, మెడకు చీటీ కట్టనీకి?" అన్నాడు ఎల్లేశం. ఎవరూ మళ్లీ కట్టలేదు.

పన్నెండున్నరకు రాయమల్లును సారక్క బాత్రూముకు తీసుకుపోయింది. అతని చెయ్యి ఆమె దిగిన భుజం మీద సరిగ్గా కుదురుతుంది. కట్టుకట్టిన కాలు నేలకు తగలకుండా ఒక్కో అడుగూ వేయించి, తిరిగి తెచ్చేసరికి పావుగంట పట్టింది. వచ్చి చూస్తే ఏడో మంచంలో ఎల్లేశం, ముఖం మీద తువ్వాలు కప్పుకుని హాయిగా ఫ్యాను కింద పడుకుని ఉన్నాడు.

"లే బావా, నా జాగ ఖాళీ చెయ్" అని రాయమల్లు గద్దించాడు. ఎల్లేశం గొణుక్కుంటూ లేచి తన మంచంలోకి జారాడు. అన్నం బండి వచ్చింది.

"నాకింకా షుగరు సూది పడలే" అన్నాడు రాయమల్లు పళ్లెం ముందు పెట్టుకుని.

సారక్క డ్యూటీ గది దాకా వెళ్లింది. మనీష ఫోన్లో ఎవరికో ఫస్టు సంగతి చెబుతోంది. ఆ ఎవరో మొగుడేనని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఏడో మంచానికి సూది ఇచ్చిన కదక్కా. పన్నెండున్నరకే. సంతకం కూడ పెట్టిన" అంది. ఫోన్ పెట్టేసి వార్డులోకి వచ్చింది. "మర్చిపోయినవా రాయమల్లు కాకా?"

రాయమల్లు తికమకపడ్డాడు. "ఏమో బిడ్డా. ఈ వయసుల యాదికుంటలే" అని ముద్ద కలిపాడు. మనీష నవ్వి వెళ్లిపోయింది.

సారక్క మాపు తీసుకుంది. నాలుగు మంచాల దూరం తుడిచింది. అయిదో మంచం దగ్గర చెయ్యి ఆగింది. పన్నెండున్నరకు రాయమల్లు బాత్రూములో ఉన్నాడు. అతని చెయ్యి తన భుజం మీద ఉంది. రాయమల్లు మరిచిపోతే ఆ సంగతి ఈ వార్డులో ఇక తనకొక్కదానికే తెలుసు.

ఆమె తల తిప్పి ఎనిమిదో మంచం వైపు చూసింది.

ఎల్లేశం గోడవైపు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. దగ్గరికి పోతే బనియను ముద్దగా తడిసి వీపుకు అంటుకుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, సన్నగా వణుకుతోంది.

"కాకా, ఏమైతాంది?"

"నా టోపీ లైటు ఏదిరా?" అన్నాడు ఎల్లేశం కళ్లు సగం తెరిచి. "దిగనీకి టైమైంది. లైటియ్యి."

సారక్క అతని బనియను పైకి లాగింది. బొడ్డు పక్కన చిన్న దూది ముక్క, దాని మీద ఆవగింజంత రక్తం.

సారక్క భర్త సదయ్య కూడా బొగ్గుబాయి మనిషే, కాంట్రాక్టు కూలీ. ఇరవై రెండేళ్ల కింద ఒక షిఫ్టు ముగిసినప్పుడు పైన ఎవరో అడిగారు, సదయ్య ఎక్కిండా అని. ఎక్కిండు, ఎక్కిండు అని ఎవరో మంచికే పలికారు. రాయి కింద కాలు ఇరుక్కుని ఉన్న మనిషి కోసం వెతకడం మొదలయ్యేసరికి రెండు గంటలు దాటింది. ఒక్క గంట ముందు తెచ్చినా దక్కేవాడన్నాడు అప్పటి డాక్టరు. పలికింది ఎవరని సారక్క ఇంతవరకూ అడగలేదు. అడిగితే ఆ మనిషి ముఖం రోజూ చూడాల్సి వస్తుందని.

"సిస్టర్!"

ముప్పై మంది ఉన్న వార్డులో ఆమె గొంతు అంత గట్టిగా ఎన్నడూ లేవలేదు. "రాయమల్లు సూది ఈయనకు పడ్డది! పొద్దటి నుంచి పరిగడుపు!"

మనీష పరుగెత్తుకొచ్చింది. దూది చూసింది. రాయమల్లును చూసింది. "నేను పేరు పిలిచిన అక్కా. రాయమల్లు కాకా అని పిలిచిన. హాజర్ అన్నడు. మంచం అదే, పట్టీ అదే..."

"అవన్నీ తర్వాత. చెయ్యవలసింది చెయ్యి."

వేలికి సూది గుచ్చి చూస్తే షుగరు ముప్పై ఎనిమిది. డ్యూటీ డాక్టరు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. ఎల్లేశం దవడ బిగుసుకుంటోంది. మనీషకు మొదటిసారి నరం దొరకలేదు. ప్లాస్టర్ ఊడి గాజులు మణికట్టు మీదికి జారిపడ్డాయి. ఆమె వాటిని పళ్లతో పైకి లాక్కుని, రెండోసారి గుచ్చి నరం పట్టింది. గ్లూకోజు మందు నెమ్మదిగా ఎక్కింది. సారక్క ఎల్లేశం పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రాస్తూ కూర్చుంది. అవి నీళ్లలోంచి తీసిన రాళ్లలా ఉన్నాయి. పక్క మంచంలో రాయమల్లు కలిపిన ముద్ద పళ్లెంలోనే ఎండుతోంది.

ఒక నిమిషం. ఇంకొకటి. అయిదో నిమిషంలో ఎల్లేశం కళ్లు తెరిచాడు.

"ఏందే సారక్కా, నా కాళ్లెందుకు మొక్కుతున్నవ్?"

వార్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మనీష ఊడిన ప్లాస్టర్ ముక్కను నేల మీద నుంచి ఏరుకుంది.

స్కానింగ్ వాయిదా వేశారు. రెండింటికి జానకమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసు, మడత నలగని గంజి చీర. సారక్కను తలుపు చాటుకు పిలిచింది. "పానం దక్కింది. పైనోళ్లకు తెల్వది. రేపు సర్టిఫికెటు. నీ ఏడాది కూడ దాంతోనే ఉన్నది, యాదికి పెట్టుకో."

సారక్క డ్యూటీ గదిలోకి పోయి పాత క్యాలెండరు వెనక కాగితం చింపుకుంది.

మనీష స్టూలు మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "రాస్తున్నవా?"

"రాయాలె బిడ్డా. నీ పేరు రాయ."

మనీష ముక్కు తుడుచుకుని అంది, "నేను పేరు పిలిచిన అని కూడ రాయి అక్కా. పిలవకుండ ఇయ్యలే."

అయిదో తరగతి చదువు. ఒక్కో అక్షరం బియ్యంలో రాయి ఏరినట్టు రాసింది. రాయమల్లు సూది ఎల్లేశంకు పడ్డది. సిస్టరు పేరు పిలిచింది. ఇంకొకడు పలికిండు. వీళ్లకు అది అలవాటు. పగలు పన్నెండున్నర. రాసి, మడిచి, నీలం డబ్బాలో వేసింది.

మూడింటికి వేదశ్రీ తాళం తీసింది. చీటీ రెండుసార్లు చదివింది. "ఇదే మేం వెతికేది" అంది, గొంతు తగ్గించి. "ఆర్నెల్ల నుంచి సున్నా వస్తే నాకు నిద్ర పట్టలేదు. సున్నా అంటే తప్పులు లేవని కాదు, ఎవరూ చెప్పలేదని."

కానీ వెనక నిలబడ్డ జానకమ్మ చీటీని ఆమె చేతిలోంచి లాక్కుంది. "ఇగ పైనోళ్లకు తెలుస్తది. పన్నెండున్నరకు డ్యూటీల ఒక్క సిస్టరే ఉన్నది" అంది జానకమ్మ.

"మేడమ్, పేర్లు తియ్యొద్దు. అది రూలు."

"ఆ రూలు మీ కాగితం మీద ఉన్నది. డ్యూటీ చార్టు మా గోడ మీద ఉన్నది."

సారక్కకు చీటీలో తన చివరి మాట గుర్తొచ్చింది. పేరు రాయనని చెప్పి టైము రాసింది. రోజూ బాత్రూము కడిగిన టైము తలుపు మీది కాగితంలో రాసే చెయ్యి, అడగకుండానే రాసేసింది.

నాలుగింటికి పైనుంచి మనీషకు మాట వచ్చింది, పిలిచేదాకా డ్యూటీకి రావొద్దని. ఏడుపూ అరుపూ ఏమీ లేవు. ఆ పిల్ల ఎల్లేశం మంచం దగ్గరికి వచ్చి, మరోసారి వేలు గుచ్చి షుగరు చూసి, నూట పది అని చార్టులో రాసింది. కలం జేబులో పెట్టుకుంది. సారక్క వైపు చూసి నవ్వబోయింది, కుదరలేదు. కారిడారు చివర గాజుల చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది.

"పిల్ల ఏడికి పోయింది?" అన్నాడు ఎల్లేశం.

సారక్క చెప్పింది. దాచకుండా, తను టైము రాసిన సంగతితో సహా.

ఎల్లేశం తిరగని ఫ్యాను వైపు చూశాడు. "పలికింది నేను. రాయమల్లు అని వినవడ్డది, హాజర్ అన్న. నిద్రల కూడ అంటనే ఉంట. స్కానింగు సూది అనుకొని బనియను నేనే లేపిన." లేచి కూర్చోబోయి దగ్గాడు. "రేపు పదింటికి మీటింగేనా?"

"అవు."

"కుర్చీబండ్ల నన్ను తోల్కపో. అందరి ముంగట నేనే చెప్త. పేరు పెట్టి పిలుసుడు ఎందుకు, మీ పేరేందని అడగాలె. ఎవనిది వాడే చెప్పాలె."

"నన్ను కూడ" అన్నాడు రాయమల్లు. "ఈడు సగం మర్చిపోతడు."

"నీది నువ్వే చెప్పు, నాది చెప్పకు" అన్నాడు ఎల్లేశం.

సారక్క ఇద్దరినీ చూసింది. ఒకటే కుర్చీబండి, ఇద్దరు మనుషులు, లిఫ్టు పనిచేయకపోతే మెట్లు. ఏడాది సంగతి మనసులోకి వచ్చింది. దాన్ని అక్కడే ఉండనిచ్చింది. "నేను పొద్దుగాల ఆరింటికే వాళ్లింటికి పోయి పిల్లను తోల్కొస్త. తొమ్మిదిన్నరకు తయారుండుండ్రి. గడ్డాలు గీసుకోవాలె, ఇద్దరూ."

అయిదింటికి డ్యూటీ గది తుడిచి, తలుపు దగ్గరికి వేయబోయి ఆగింది. మనీష వార్డులో వేసుకునే తెల్ల బూట్లతోనే ఇంటికి వెళ్లిపోయింది. తలుపు వెనక, గోడకు ఆనించి ఒక జత పెళ్లి చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి, బంగారు రంగు పూసలతో, ఎడమదాని అడుగున దుకాణం చీటీ కూడా ఇంకా ఊడకుండా.