కల్లు మత్తు కిందికి రాదు

గట్టు మండలంల పుట్టిన గోవిందు, కంపెనీలకు రైతులతోని విత్తనాల పత్తి పండించే సీడు ఆర్గనైజర్‌గ పైకొచ్చి, గద్వాల శివార్ల కొత్త కాలనీల ఇల్లు కట్టిండు. ఊర్ల ఉన్నన్ని దినాలు ఆయన ఉత్త గోవిందే. టౌనుకొచ్చినంక గోవిందన్న అయిండు. కొడుకు చదివే ప్రైవేటు హైస్కూల్ల తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడైనంక గోవిందు సార్ అయిండు. సార్ అయినోడు ఊకె కూసుంటే బాగుండదు, ఏదో ఒకటి నిర్మూలించాలె. దోమలు మున్సిపాలిటీ కిందికి పోయినయి. ప్లాస్టిక్‌ను ఇంకో బడి ముందుగాలే పట్టుకున్నది. గోవిందుకు మిగిలింది డ్రగ్స్.

డ్రగ్స్ సంగతి ఆయనకు బాగ తెలుసు, ఫోన్ల చూసిండు. తెల్లటి పౌడర్ ఉంటది, హైదరాబాద్ దిక్కునుంచి వస్తది, జుట్టు పెంచిన పోరగాళ్లు పీలుస్తరు. ఈ జ్ఞానాన్నంత ఆయన దినాం మాపటీలి కల్లు కాంపౌండ్‌ల దోస్తులకు పంచుతుండె. పిల్లలు ఆగమైపోతున్నరని బాధపడి ఒక సీసా, దేశం ఏమైతదో అని బాధపడి ఇంకో సీసా తాగుతుండె. చుట్టుముట్టు ఎంత వెతికినా నాలుగు ఈతచెట్లు కనిపించవు గాని, కాంపౌండ్‌ల మాత్రం వానకాలం ఎండకాలం తేడా లేకుంట సీసాలు నిండుతుండె. ఆ మహిమ ఎక్కడిదని అడిగే తీరిక ఎవ్వరికి లేకుండె.

కొడుకు శ్రవణ్ కుమార్ పదో తరగతి. చేనుకు పోయినప్పుడు ఎండకు వేడి చేస్తదని మొదటి గ్లాసు పోసింది తండ్రే. తొమ్మిదిల ఉన్నప్పుడు కిడ్నీల రాయి వడ్డది. కల్లు తాగితే కరిగిపోతదని మేనమామ చెప్పిండు. రాయి పోయింది గాని కల్లు పోలె. మాపు తండ్రికి సీసాలు తెచ్చేది వాడే గనుక, వాని వాటా వాడు తీసుకుంటుండె. పొద్దుగాల బడికి నీళ్ల బాటిల్ల పోసుకొని పోతుండె. తల్లి తిరుపతమ్మ రెండు మూడు సార్లు నసిగింది. తాగేది కల్లే గదా, సారాయా అని గోవిందు ఆమె నోరు మూయించిండు.

ముందు ర్యాలీ తీసిన్రు. పిల్లలు అట్టలు పట్టుకొని ఎండల కోట దాక నడిచిన్రు. ఎండకు ఇద్దరు ఆడపిల్లలు సొమ్మసిల్లిన్రు గాని ఫోటోలు మంచిగొచ్చినయి. ర్యాలీ తరువాత బ్యాగుల తనిఖీ పెట్టిన్రు. హెడ్మాస్టర్ చెన్నయ్య సార్, పీఈటీ సార్, వాళ్ల నడుమ కుర్చీల గోవిందు.

ఫర్హాన్ అనే పిలగాని బ్యాగుల ఒక ప్లాస్టిక్ డబ్బీ, దాన్తోని క్యాప్సూల్ గోళీలు దొరికినయి. దమ్ము బీమారికి, ఊపిరాడనప్పుడు వాడుతున్న, డాక్టర్ రాసిచ్చిండు అని వాడు మెల్లగ చెప్పిండు. గోవిందు ఒక గోళీ విప్పి అరచేతిల పోసుకున్నడు. తెల్లటి పౌడర్. ఎట్ల వాడుతవని అడిగితే, డబ్బీల వేసి నోటితోని పీలుస్తనని వాడే ఒప్పుకొనె. ఇగ రుజువు ఏం కావాలె? సీడు కంపెనీ షీల్డు ఇచ్చిన దినం గూడ గోవిందు అంత సంబురపడలె.

తరువాత శ్రవణ్ వంతు. పీఈటీ సార్ బాటిల్ మూత తీసి వాసన చూసి, తల ఎత్తి గోవిందు దిక్కు చూసిండు. గోవిందు జర ఇబ్బంది పడి, వానికి కిడ్నీల రాయి తిప్పలున్నయని చెప్పిండు. చెన్నయ్య సార్ పెద్దమనిషి గనుక, కల్లు మత్తు కిందికి రాదని తేల్చిండు. బాటిల్ మూత పెట్టి పిలగానికి తిరిగి ఇచ్చిన్రు. ఫర్హాన్ గోళీలను మాత్రం కవర్ల వేసి సీలు కొట్టిన్రు. రిపోర్టు వచ్చేదాక బడికి రావద్దని వాన్ని ఇంటికి తోలిన్రు. రిపోర్టుకు ఎక్కడికి పంపాల్నో ఎవ్వరికి తెల్వదు, గందుకని ఎక్కడికి పంపలె.

ఫర్హాన్ తండ్రి రజాక్ పాత బస్టాండు కాడ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తడు. డాక్టర్ చీటీ పట్టుకొని బడికి పోతే, కమిటీ అధ్యక్షుణ్ణి కలువుమని చెప్పిన్రు. రజాక్ కాలనీకి వచ్చి గేటు కాడనే నిలవడ్డడు.

“గోవిందన్నా, మిక్సీ తెచ్చి మా దుకాన్‌ల కూసున్నప్పుడు వాడు అది పీల్చంగ నువ్వే చూసినవ్. పాపం, ఎప్పటిసంది దమ్ము అని అడిగినవ్ గూడ. జర సోంచాయించు.”

గోవిందుకు యాదికొచ్చింది. కాని యాదికొచ్చింది గోవిందుకు, గేటు కాడ నిలవడ్డది గోవిందు సార్. రిపోర్టు రానీ రజాక్ భాయ్, నిజమైతే నీ కొడుకును ఎవ్వడు ఆపుతడు అని చెప్పి లోపలికి పోయిండు. ఆ దినం మాపు ఒక సీసా ఎక్కువ తాగిండు.

ర్యాలీ ఫోటోలు పేపర్ల పడేసరికి ఆఫీసర్లకు గూడ కదలిక వచ్చింది. జీపులేసుకొని వచ్చి, పౌడర్ కోసం ఎక్కడ వెతకాల్నో తెల్వక, సీదా కల్లు కాంపౌండ్‌ల దిగిన్రు. డ్రమ్ముల ఉన్నది పరీక్షకు పంపిన్రు. నిద్రగోళీల మందు కలిపిన్రని తేలింది. కాంపౌండ్‌కు తాళం వేసిన్రు. అది చూసి చుట్టుపక్కల కల్లు దుకాణాలు వాటంతట అవే మూతపడ్డయి.

గోవిందుకు పట్టరాని కోపమొచ్చింది. డ్రగ్స్ పట్టుమంటే బీదోని కల్లు మీద పడుడేందని దరఖాస్తు పట్టుకొని ఆఫీసుకు పోయిండు. అల్ప్రాజోలం కలిపిన్రు సార్ అని అక్కడి ఆఫీసర్ ఓపికగ చెప్పిండు. ఆ పేరు గోవిందుకు నోరు తిరగలె. నోరు తిరగని పేరున్నది మన దిక్కు దొరకదని ఆయన నమ్మకం.

అప్పటిసంది ఇంట్ల ఇద్దరికీ నిద్ర లేదు. గోవిందు ఫ్యాన్ కింద కూసున్నా చెమటలు కక్కుతుండు. చెయ్యి వణికి చాయ అంగీ మీద ఒలకబోసుకుంటుండు. ఉప్పు తక్కువైందని కంచం ఇసిరికొట్టిండు. సమాజసేవతోని బీపీ పెరిగిందని తానే తేల్చుకున్నడు. శ్రవణ్ బువ్వ తింటలేడు, ఒక్క తాన నిలుస్తలేడు, గోడ దిక్కు చూసి గొణుక్కుంటుండు. అది పరీక్షల టెన్షన్. తండ్రికి కొడుక్కు ఒకటే తీరుగ అవుతుందేందని తిరుపతమ్మ అడిగితే, నా కొడుక్కు నా పోలిక రాక ఎవరిది వస్తదని మీసం దువ్విండు.

ప్రతిజ్ఞ కార్యక్రమం నాడు బడి గ్రౌండ్ల షామియానా వేసిన్రు. గోవిందు మైకు ముంగట నిలవడి కాగితం చూసుకుంట చదువుతుంటే పిల్లలు చెయ్యి చాపి వెనుకంగ చెప్తున్నరు. కాగితం ఎగురుతుండె, ఆ దినం గాలి మాత్రం లేకుండె. ఏ మత్తు పదార్థాన్నీ ముట్టనని అనే కాడికి వచ్చేసరికి పదో తరగతి వరుసల గడబిడ అయ్యింది. శ్రవణ్ మెడ ఒక దిక్కుకు గుంజుకుపోతుంది. ఎదురుంగ లేని మనిషితోని ఏదో మాట్లాడి నవ్వుతుండు. అట్లనే కిందవడి కాళ్లుచేతులు కొట్టుకునుడు మొదలుపెట్టిండు.

నా కొడుక్కు ఎవడో డ్రగ్స్ ఇచ్చిండని గోవిందు అరిచిండు. ఆ ఫర్హాన్ గాడే అన్నడు. ఫర్హాన్ ఈ బడి మొఖం చూడక చానా దినాలాయె. కాని మైకు బందుచేసే ఆలోచన ఎవ్వరికి రాకపాయె. కాలనీ అంత ఇన్నది.

దవాఖానల సూదిమందు ఇచ్చినంక పిలగాడు జర నిమ్మళపడ్డడు. డ్యూటీల ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుది. ఎవరో డ్రగ్స్ ఇచ్చిన్రు, కేసు రాయండి అని గోవిందు ఆమె ఎంట పడ్డడు.

“ఎవరూ ఇయ్యకపోయేసరికే ఇట్లయ్యింది,” అన్నది ఆమె. “దినాం ఏం తాగుతుండె?”

గోవిందు గోడ దిక్కు చూసిండు. తిరుపతమ్మ ముందుకొచ్చింది. కల్లు మేడం, పొద్దుగాల, మాపు, రెండేండ్ల సంది అని చెప్పింది. మొదలు పోసింది ఎవరో గూడ దాచలె.

డాక్టరమ్మ గోవిందు దిక్కు తిరిగి చేతులు ముందుకు చాపమన్నది. చాపిండు. ఎంత బిగబట్టినా వేళ్లు నిలుస్తలెవ్వు. మీరు ఎన్నేండ్ల నుంచి తాగుతున్నరని అడిగింది.

“నేను డ్రగ్స్ కమిటీ అధ్యక్షుణ్ణి మేడం.”

“సరే. ఆ పక్క మంచం ఖాళీగ ఉన్నది, ఎక్కండి.”

ఎక్కిండు. ఎక్కక తప్పలె, ఆ దినం మాపటికే ఆయనకు గూడ మనుషులు లేని కాడ మనుషులు కనవడ్డరు. ఇద్దరి చేతులు మంచాలకు మెత్తటి గుడ్డతోని కట్టిన్రు. చూడనీకి వచ్చిన చుట్టాలకు డెంగీ అని చెప్పి చెప్పి తిరుపతమ్మ అలిసిపోయి, ఆఖరికి ఉన్నదున్నట్టే చెప్పింది. ఇన్నోళ్లల్ల సగం మంది, మాకు గూడ నిద్ర పడుతలేదని మెల్లగ చెప్పుకున్నరు.

జర తెలివికొచ్చినంక ఒక పొద్దున శ్రవణ్ పక్క మంచం దిక్కు తిరిగిండు.

“నాయినా, నీకు గూడ ఒంటి మీద పురుగులు పాకినట్లున్నదా?”

“ఉన్నది బిడ్డా.”

ఇన్నేండ్లల్ల తండ్రీకొడుకులు ఒకరికొకరు నిజం చెప్పుకున్నది అదే మొదలు. పిలగాడు ఇంకో మాట గూడ చెప్పిండు. ఫర్హాన్‌ది మందేనని వానికి ముందే తెలుసంట. తనిఖీ నాడు భయపడ్డడంట. బాటిల్ తిరిగి చేతికియ్యంగనే, ఇగ ఎవ్వరు అడగరని లోపల నవ్వుకున్నడంట. గోవిందు కట్టిన చేతులతోని మొఖం కప్పుకోలేక కండ్లు మూసుకున్నడు.

చెన్నయ్య సార్ యాపిల్ పండ్లు పట్టుకొని వచ్చిండు. అడ్మిషన్ల టైము దగ్గరికొచ్చింది గనుక పిలగానికి తగిలింది వడదెబ్బ అని అందరం ఒక మాట మీద ఉందామన్నడు. ఫర్హాన్ సంగతి ఏందని గోవిందు అడిగితే, రిపోర్టు ఇంకా రాలేదని చెప్పిండు. అధ్యక్షుడుగ తాను చెప్పి పెట్టిన మాటే అది. ఇప్పుడు ఇనబుద్ధి కాలె.

ఇంటికొచ్చినంక, కాళ్లల్ల సత్తువ రాంగనే గోవిందు రజాక్ దుకాణానికి పోయిండు. కమిటీల నుంచి తప్పుకున్నట్లు, ఫర్హాన్‌ను మళ్ల చేర్చుకొమ్మని బడికి చెప్పినట్లు చెప్పిండు. రజాక్ ఫ్యాన్‌కు తీగ చుట్టుకుంటనే ఇన్నడు. ఫర్హాన్ ఇప్పుడు వనపర్తిల తల్లి చెల్లె, వాళ్ల ఖాలా ఇంట్ల ఉండి చదువుతున్నడని, మైకుల ఇన్నమాట అక్కడిదాక పోయిందని, కొత్త బడోళ్లు వానితోని రోజు బ్యాగు విప్పించి చూస్తున్నరని చెప్పిండు.

“నేనొచ్చి ఆ సార్లకు చెప్త,” అన్నడు గోవిందు.

“ఏమని చెప్తవ్?”

“మత్తు ఉన్నది నా ఇంట్ల, నీ ఇంట్ల కాదని చెప్త.”

రజాక్ తీగ చుట్టుడు ఆపిండు. రేపు పొద్దుగాల బస్సున్నదని మాత్రం అన్నడు.

వనపర్తిల గోవిందు చెప్పాల్సిందంత చెప్పిండు. అక్కడి హెడ్మాస్టర్ శ్రద్ధగ ఇన్నడు. ఇని కదిలిపోయి, వచ్చే వారం మా బడిల డ్రగ్స్ వ్యతిరేక దినం ఉన్నది, మీరే ముఖ్య అతిథిగ రావాలని చేతులు పట్టుకున్నడు. గోవిందు చేతులు విడిపించుకొని, బ్యాగు తనిఖీ ఒక్కటి ఆపితే చాలన్నడు. ఫర్హాన్ గేటు దాక వచ్చిండు. గోవిందు క్షమించుమన్నడు. శ్రవణ్ ఫోన్ ఎత్తుతలేడేందని వాడు అడిగిండు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగ ఉండె. రజాక్ ఒక సీట్ల కూసుంటే గోవిందు ఎనుక సీట్ల కూసున్నడు. పెబ్బేరు దాటినంక రజాక్ ఎనుకకు తిరిగిండు.

“పిలగానికి ఇప్పుడు నిద్ర పడుతుందా అన్నా?”

“పడుతలేదు. కల్లు దుకాణాలు మళ్ల తెరుస్తరంటున్నరు. వాడు తాగకుంట ఉంటడో ఉండడో. నేను గూడ ఉంటనో లేదో తెల్వదు.”

రజాక్ కిటికీ దిక్కు జరిగి తన పక్కన జాగ ఇచ్చిండు.