ఖాళీ గడి

మా అక్క కూతురు చిట్టి బడి బస్సులో గంటన్నర సేపు ఒంటరిగా ఉండిపోయింది. వెనక సీట్లో నిద్రపోతుంటే, డ్రైవర్ చూసుకోకుండా బస్సు షెడ్డులో పెట్టి తాళం వేసేశాడు. పిల్లకేమీ కాలేదు. అయినా అక్క రెండు రోజులుగా అతన్ని దుమ్మెత్తిపోస్తూనే ఉంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? పక్కన కూర్చుని తిట్లు అందించాను. ఇవాళ సాయంత్రానికల్లా అతన్ని పనిలోంచి తీసేస్తామని బస్సుల మేనేజర్ చెప్పాడు.

ఆ బస్సుల డ్రైవర్లు ఫోన్లో వాడే వెబ్ పేజీ రాసింది నేనే. డ్రైవర్ చివరి సీటు దాకా నడిచి, ఎంతమంది పిల్లలు మిగిలారో పేజీలోని గడిలో కొట్టి బటన్ నొక్కాలి. సున్నా అయితే తెర పచ్చబడుతుంది. తాళం ఆ తర్వాతే.

మధ్యాహ్నం ఆ డ్రైవరే ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వెనక్కెళ్లి చూడకపోవడం నా తప్పే మేడం. కానీ ఒట్టు, సున్నా మాత్రం కొట్టలేదు. టైరు చూడమని ఎవరో పిలిస్తే ఫోన్ జేబులో పడేసి దిగాను. బటన్ నొక్కుకుపోయినట్టుంది. తీసి చూస్తే పచ్చగా ఉంది. అంతా చూసేశాననుకున్నా."

"గడి ఖాళీగా ఉంటే పచ్చగా ఎలా వస్తుందయ్యా? నా చెవిలో పువ్వులు పెట్టకు!"

అతని ముందే గడి ఖాళీగా వదిలి నొక్కాను. పచ్చగా వచ్చింది.

కోడ్ తీసి చూశాను. గడిలో ఉన్నది సున్నాతో సమానమా అని రెండు సమాన గుర్తులతో అడిగాను. నేను కోడ్ రాసిన భాషకు చొరవ ఎక్కువ. గడిలోంచి వచ్చేది అక్షరాల ముక్క, నేను పోల్చమన్నది అంకె. అలా రెండు గుర్తులతో అడిగితే, రకాలు వేరైనప్పుడు నన్నడక్కుండానే ముక్కను అంకెగా మార్చేస్తుంది. ముక్కలో ఏమీ లేకపోతే దాన్నీ సున్నా చేస్తుంది. ఎవరూ లేరన్నా, ఇంకా చూడలేదన్నా దానికి ఒకటే. సున్నా, ఒకటి, ఐదు కొట్టి పరీక్షించాను గానీ, ఖాళీగా వదిలి ఒక్కసారీ నొక్కలేదు. పదేళ్ల అనుభవం, ఏం లాభం? సిగ్గుతో చచ్చిపోయాను.

ముందు గడి ఖాళీయేమో చూసి, కాకపోతేనే అంకెగా మార్చేలా సరిచేశాను. పది నిమిషాల పని. తర్వాత మేనేజర్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. డ్రైవర్ని హెచ్చరించి వదిలేశారు.

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను. ఆమె చిట్టికి జడ అల్లుతూనే ఉంది.

"ఏదో ఒకటి అనక్కా" అన్నాను.

"నాకొచ్చిన తిట్లన్నీ అతని మీదే అయిపోయాయే. నీకేం మిగల్లేదు. చెప్పులేసుకో, అతనింటికి వెళ్దాం."