కనపడకూడని అతుకు

సోడాబుడ్డి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. మైనస్ ఏడు కళ్ళద్దాలు తెచ్చిపెట్టిన పేరది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఓ క్షణం ఆలోచించి పలికేది. లాండ్రీ దుకాణం కిటికీ పక్కన కూర్చుని ఇరవై రెండేళ్ళుగా రఫూ పని చేస్తోంది. చిరిగిన కోటుకి దాని లోపలి అంచులోంచే పోగులు లాగి, నేతలో నేత కలిపేయడం. పని మొదలెట్టే ముందు అద్దాలు తీసి పక్కన పెట్టేది, బట్టని ముక్కు దాకా తెచ్చుకునేది. వాసన చూస్తోందని లాండ్రీ ఆయన ఆటపట్టించేవాడు. జానెడు దాటితే లోకమంతా మసకే గానీ, ఆ జానెడు లోపల ఒక్కో పోగూ తాడంత కనపడేది. అతుకు ఎక్కడుందో చెప్పమని, బట్ట ఇచ్చినవాళ్ళకే పరీక్ష పెట్టేది. ఒక్కరూ గెలిచిన పాపాన పోలేదు.

ఇంకెన్నాళ్ళమ్మా ఆ బుడ్లు, కళ్ళకి లేజరు ఆపరేషన్ చేయించుకో అని కూతురు పోరు పెట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది, అమ్మ కూడా నలుగురిలా ఉండాలని ముచ్చటపడింది. ముచ్చట తప్పు కాదు. తప్పు కంటి ఆసుపత్రిలో కాగితం నింపేటప్పుడు చేసింది. వృత్తి అన్నచోట గృహిణి అని రాసింది. ఆ సూదే తనని చదివించిందని తెలిసీ, ఊళ్ళోవాళ్ళ చిరుగులు కుట్టే మనిషని రాయడానికి చెయ్యి రాలేదు. తల్లి పక్కనే ఉండి చూసింది. పిల్ల పరువు పిల్లకుంటుందిలే అని ఊరుకుంది.

డాక్టరు మంచివాడే. నలభై ఆరేళ్ళు వచ్చాయి కాబట్టి లేజరు తర్వాత దూరం బాగా కనపడినా, చిన్న అక్షరాలకి మాత్రం అద్దాలు కావాలని ముందే చెప్పాడు. అమ్మ చదివేదేముందండీ అని కూతురు నవ్వేసింది. ఆపరేషన్‌కి రెండు కళ్ళకీ కలిపి అరగంట కూడా పట్టలేదు.

వారం తిరక్కుండానే ఆవిడ ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఆనందం పట్టలేక ఏడ్చేసింది. నెల తర్వాత సూది చేతిలోకి తీసుకుంది. సూది ఉంది, బెజ్జం లేదు. బట్టని దగ్గరికి తెచ్చేకొద్దీ మరీ అలుక్కుపోయింది. కూతుర్ని వెంటబెట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరు కాగితం తిరగేసి, "ఇందులో గృహిణి అని ఉందేమ్మా" అన్నాడు. సంగతి విన్నాక కాగితం పక్కన పెట్టాడు. "మీ కంట్లోనే భూతద్దం ఉండేదమ్మా. దాన్నే మేం చెక్కేశాం. చెక్కింది మళ్ళీ తెచ్చి పెట్టలేం."

కూతురు తల దించుకుంది. తల్లి ఆ పిల్లని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఇద్దరికీ కాస్త తేలికయ్యేది.

దగ్గరి చూపు అద్దాలు వచ్చాయి, స్టాండుకి బిగించిన భూతద్దం వచ్చింది. దాని కింద పోగు పెద్దదయ్యేది గానీ, చెయ్యి ఎక్కడుందో చేతికే తెలిసేది కాదు. పావుగంటకే తల తిరిగేది. అలాగే పళ్ళ బిగువున, వీపున చిరిగిన మాస్టారి బూడిదరంగు కోటు పూర్తి చేసింది. పూట పనికి నాలుగు రోజులు పట్టింది. మాస్టారు పాత మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆవిడ దగ్గరికే వస్తున్నాడు.

"అతుకు ఎక్కడుందో చెప్పండి మాస్టారూ" అంది, ఎప్పటిలాగే.

ఆయన కోటుని వెలుతురుకి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "నా వల్ల కాదమ్మా. మీ చెయ్యే చెయ్యి" అన్నాడు.

ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆయన కోటు తొడుక్కుని రోడ్డు దాటుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అవతలి వైపు అంతమంది జనంలో ఆయన వీపు మీద తన అతుకు కనపడింది. గొంగళిపురుగు పాకుతున్నట్టు, ముడుచుకుని, వంకరగా. ఆయన మలుపు తిరిగేదాకా కనపడుతూనే ఉంది.

సూదుల డబ్బాకి మూత పెట్టింది. ఇంక రఫూకి బట్టలు తీసుకోవద్దని లాండ్రీ ఆయనకి చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు.