గరికినోళ్ళ పిల్ల

తన వాళ్ళ మనవల్ని కళ్ళు మూసేలోగా ఒకసారి చూసుకోవాలని నూకన్న తాత భీమిలి వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చాడు. డెలానీపూర్‌లో మణికుమార్ ఇంట్లో దిగి, టీ గ్లాసు అందుకుంటూ అతని భార్య వైపు చూశాడు.

"ఏ ఇంటి పిల్లవే నువ్వు?"

"గరికినోళ్ళ పిల్లని తాతా," అంది అమ్ములు, చంటాణ్ణి ఒళ్ళో జోకొడుతూ.

తాత గ్లాసు కింద పెట్టేశాడు. "ఓలమ్మ! ఈడూ గరికినోడే కదే!"

మణికుమార్ నవ్వేశాడు. "అరే తాతా, మేం చోడిపల్లోళ్ళం. ఆధార్‌లో కూడా అదే ఉంది భయ్యా!"

"చోడిపల్లోళ్ళది పడవరా. మీ తాత ఆ పడవలో కూలికి వల లాగేవోడు. ఇక్కడ దిగినాక ఎవురి మనిషివంటే చోడిపల్లోళ్ళ మనిషినని సెప్పుకున్నాడు. అదే ఉండిపోనాది. ఆడు నా సొంత పెదనాన్న కొడుకు. నాకు తెలీదేటి?"

ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళు. మణికుమార్ నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే అత్త అప్పలకొండమ్మ కోడలి చాప తీసుకెళ్ళి తన పక్కన వేసుకుంది.

మణికుమార్ తల్లితో గొడవపడ్డాడు, "యే సబ్ పురానా బాత్ హై, ఇవన్నీ పాతకాలం మాటలు" అని అరిచాడు. తర్వాత తర్వాత అరవడం మానేశాడు. అమ్ములు వైపు చూడటమూ మానేశాడు. అత్త ఫోన్లో ఎవరితోనో "అది పుట్టింటికి పోయినా పిల్లోడు మాత్రం ఇక్కడే" అనడం అమ్ములు చెవిన పడింది. ఆ తర్వాత ఆమెకి ఏడుపు కూడా రాలేదు. పాలు తాగుతూ చంటాడు కొత్త పన్నుతో కొరికినా ఉలిక్కిపడలేదు.

చివరికి దారి కూడా తాతే చూపించాడు.

"దీని మేనమామది ఏ ఇల్లు?"

"సూరాడోళ్ళు," అంది అత్త.

"మరింకేటి! ఆడికి దత్తిచ్చెయ్యమను. సూరాడోళ్ళ పిల్లయితే మనోడు మళ్ళీ తాళి కట్టుకోవచ్చు."

అమ్ములుని ఎవరూ అడగలేదు. అడిగినా సరేననేది.

ఆదివారం ప్రోతరాపూర్ నుంచి బస్సులో నాన్న లోకనాథం, మేనమామ పోలిరాజు వచ్చారు. పెరట్లో పీట వేశారు. నాన్న ఆమె చెయ్యి తీసి పోలిరాజు చేతిలో పెట్టి పసుపునీళ్ళు పోశాడు.

"ఇచ్చేశానని పైకనాలి బావా," అన్నాడు పోలిరాజు మెల్లగా.

లోకనాథం పెదాలు కదిలాయి.

"ఇనపళ్ళేదు," అన్నాడు తాత.

"ఇచ్చేశాను."

మణికుమార్ పసుపుతాడు కట్టాడు. ఆమె మెడ కదల్లేదు.

భోజనాలకి కూర్చున్నారు. అమ్ములు వడ్డిస్తోంది.

"నాన్నా, చారు..."

తాత చెయ్యెత్తాడు. "నాన్నెవురే? ఇప్పుడు నీ నాన్న పోలిరాజు. మరి నాన్నకి బావ నీకేటవుతాడు?"

"తిననీ తాతా," అన్నాడు పోలిరాజు.

ఎవరూ తినడం లేదు. అత్త చంటాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. పొద్దుట్నుంచీ పిల్లాణ్ణి అమ్ములు చేతికివ్వలేదు.

అమ్ములు గరిట ముంచింది.

"మామయ్యా, చారు పొయ్యనా?"

లోకనాథం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపటికి తీసేశాడు. ఆమె పోసింది.

అప్పుడు అత్త వచ్చి చంటాణ్ణి ఆమె చంకన పెట్టింది.