లోపలి కిటికీలు

వందేళ్ళు దాటిన ఆ మూడంతస్తుల రాతి ఆఫీసును బాగుచేసే పని మామగారి కంపెనీకి దక్కింది. వారసత్వ కట్టడం కాబట్టి రూపు చెడకూడదు. లోపల మాత్రం కొత్త ఆఫీసులా ఉండాలి, కరెంటు తక్కువ కాలాలి. ఏళ్ళ తరబడి ఆ కంపెనీలోనే ఆర్కిటెక్టుగా ఉన్న పెద్దకోడలు ఆ పని తనదేననుకుంది. మామగారేమో భోజనాల బల్ల దగ్గర, "ఈసారి చిన్నమ్మాయి చూసుకుంటుందిలే," అనేసి మంచినీళ్ళు తాగారు.

పెద్దకోడలు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

చిన్నకోడలూ ఆర్కిటెక్టే, ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండేళ్ళు కాలేదు. గోడలు తట్టి చూసి, ఎప్పుడో ఇటుకలతో మూసేసిన గాలి దారులను కనిపెట్టింది. వాటిని తెరిస్తే సగం ఏసీలు అక్కర్లేదంది. మామగారు కనిపించిన ప్రతివాడికీ ఆ మాటే చెప్పారు. విన్నప్పుడల్లా పెద్దకోడలు నవ్వింది. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు ఆమె ముందు డ్రాయింగులు పరిచింది.

"అక్కా, ఈ పాత కిటికీలు తీసేసి రెండద్దాలవి పెడుతున్నా. వేడి రాదు. ఏమంటావ్?"

కిటికీల జోలికి వెళ్తే వారసత్వ కమిటీ ఊరుకోదని పెద్దకోడలికి తెలుసు. ఇంకో భవనం విషయంలో తనకే అక్షింతలు పడ్డాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "బాగుందే. కానియ్," అంది.

కమిటీ తిప్పికొట్టింది. "చెక్కముక్క కూడా కదపడానికి వీల్లేదు," అని అధ్యక్షుడు అందరి ముందూ కసిరాడు. తోడికోడలి మొహం మాడిపోవడం చూసి పెద్దకోడలి కడుపు చల్లబడింది. "అయ్యో," అంటూ వీపు నిమిరింది కూడా.

ఆ చల్లదనం ఎన్నాళ్ళో నిలవలేదు. చిన్నకోడలు వడ్రంగిని వెంటేసుకుని తిరిగి, పాత కిటికీలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, లోపలివైపు సన్నని అద్దాల తలుపులు విడిగా బిగించే ఏర్పాటు చేసింది. అధ్యక్షుడే ఎదురొచ్చి మెచ్చుకున్నాడు. మామగారు ఊరంతా టముకు వేశారు. తను తీసిన గోతిలోంచి ఇంకాస్త ఎత్తుకు ఎక్కిందీ పిల్ల, అని పెద్దకోడలు ఉడికిపోయింది.

ప్రారంభం రోజు అందరూ కింద ఫోటోలు దిగుతుంటే ఆమె పై అంతస్తుకు వెళ్ళింది. బయట ఎండ మండిపోతోంది, గదిలో హాయిగా ఉంది. వంక పెడదామని వెతికింది. దొరకలేదు. అంతలో చిన్నకోడలు వచ్చింది.

"కమిటీ ఒప్పుకోదని నాకు ముందే తెలుసు," అనేసింది పెద్దకోడలు. ఎందుకన్నదో తనకే తెలియదు.

"ఏదో దాస్తున్నావని నాకూ అనుమానమే. ఆ రోజు కిటికీల మాటెత్తగానే నా మొహం చూడటం మానేశావ్."

"మరి గట్టిగా అడగలేదేం?"

"అడిగితే చెప్పేదానివి. అప్పుడది నీ డిజైనయ్యేది." చిన్నకోడలు అద్దం తలుపు విసురుగా మూసింది. "నేనొచ్చిన దగ్గర్నుంచీ ఏం చెప్పినా మామయ్యగారు 'పెద్దమ్మాయిని అడిగావా' అనేవారు. నిన్ను చూస్తే ఒళ్ళు మండేదక్కా."

పెద్దకోడలు తెల్లబోయింది. తనను చూసి ఏడ్చేవాళ్ళు కూడా ఉంటారని ఆమె కలలోనైనా అనుకోలేదు. సిగ్గుపడాల్సిన చోట పట్టరాని సంతోషం కలిగింది.

"ఎంత మండేదేమిటి?" అంది, కిటికీ గట్టు మీద పక్కకు జరిగి చోటిస్తూ.

"చాలా."

"కూర్చో. మొదట్నుంచీ చెప్పు."